ఎగిరే కామా

తరన్నుమ్ గిలకలదిండిలో ఆటో దిగేసరికి రాహేలు కంప్యూటరును తిడుతోంది. మనిషిని తిట్టినట్టే, ఎక్కడా మినహాయింపు ఇవ్వకుండా తిడుతోంది. ఇరవై ఏళ్ళుగా చేపల వేలంపాటలో అరిచి అరిచి సానపట్టిన గొంతు అది. సాగరమిత్ర బోటు యజమానుల సంఘం ఆఫీసు రేకులు అదురుతున్నాయి. బయట వలలు బాగుచేసుకుంటున్నవాళ్ళు పని ఆపి మరీ వింటున్నారు. ఎండాకాలం, వేట లేదు, పొద్దు పోయే మార్గం ఇంకొకటి లేదు.

"ఊరందరి బోట్లూ ఎక్కించుకుంటదంట! నా బోటు పేరు కొడితే మాత్రం దానికి మూర్ఛొచ్చి పడిపోద్దంట! ఏం, నా బోటంటే దానికి కంటగింపా?"

గుమాస్తా ఆంజనేయులు గుమ్మంలో తరన్నుమ్‌ని చూసి, వరదలో పడవ కనిపించినంత సంబరపడ్డాడు. "వచ్చావా అమ్మా! ఇదిగో రాహేలూ, కంప్యూటర్ల ఇన్‌స్టిట్యూటు నుంచి మేడమ్ గారొచ్చారు. ఇక నీ తిట్లన్నీ ఈవిడకే."

తరన్నుమ్‌కి అప్పటికి ఇరవై నాలుగేళ్ళు. గుడివాడలో ఎం.సి.ఏ. చేసి, అక్కడే గోవర్ధనరావు నడిపే కంప్యూటర్ల ఇన్‌స్టిట్యూటుకి బందరు బ్రాంచిలో పాఠాలు చెబుతోంది. ఆ జనవరిలో, అంటే రెండు వేల మూడులో, గోవర్ధనరావు ఈ సంఘానికి ఐసు టోకెన్ల ప్రోగ్రాము ఒకటి అమ్మాడు. దాన్ని రాసినతను ఫిబ్రవరిలోనే హైదరాబాదులో ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోయాడు. అతను పోతూ పోతూ వదిలేసిన తలనొప్పులన్నీ వారసత్వంగా తరన్నుమ్‌కి సంక్రమించాయి.

ఐసు టోకెను అంటే చిన్న విషయం కాదు. రేవులో నూట నలభై బోట్లు. ఐసు ఫ్యాక్టరీ రోజుకి ముప్పై బోట్లకు మించి సరిపెట్టలేదు. ఐసు లేకుండా సముద్రం మీదికి వెళ్తే తెచ్చిన రొయ్య దారిలోనే కంపు కొడుతుంది. నెలన్నర వేట నిషేధం తర్వాత మొదటి రోజు వెళ్ళినవాడికి రొయ్య, అయిదో రోజు వెళ్ళినవాడికి ముందువాళ్ళు వదిలేసిన నీళ్ళు. అందుకని ఐసు వరసలో ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది గిలకలదిండిలో జాతకం కంటే ముఖ్యం. ఈ ఏడు నిషేధం ఎత్తేయడానికి ఇంకా ఆరు రోజులుంది. టోకెన్లు నాలుగో రోజున ఇస్తారు.

"బోటు పేరేంటండీ?" అని అడిగింది తరన్నుమ్.

రాహేలు రవికలోంచి మడతపెట్టిన రిజిస్ట్రేషను కాగితం తీసి బల్ల మీద పరిచింది. నిషేధంలోనే కాకినాడ నుంచి కొనుక్కొచ్చిన బోటు. మేరీస్ స్టార్. ఇంగ్లీషులో మేరీకీ, తర్వాత వచ్చే ఎస్‌కీ మధ్య, పైన, చిన్న కొక్కెం.

"అదిగో, ఆ ఎగిరే కామాతోనే వచ్చింది చావు," అన్నాడు ఆంజనేయులు. "అది తీసేసి కొడితే బ్రహ్మాండంగా తీసుకుంటోంది. తీసేద్దామంటే ఈవిడ ఒప్పుకోదు."

"ఎందుకు ఒప్పుకుంటాను? మేరీ మా అమ్మ. ఆ గుర్తుంటేనే స్టారు మా అమ్మదని అర్థమంట, పాస్టరుగారు చెప్పారు. అది తీసేస్తే దారిన పోయే స్టారు. బోటు మీద రంగులో రాయించాను, కాగితాల్లో రాయించాను. నీ డబ్బాలో మాత్రం పట్టదా?"

తరన్నుమ్ కుర్చీలో కూర్చుని పేరును కామాతో సహా కొట్టింది. కంప్యూటరు బుద్ధిగా ఒక క్షణం ఆలోచించి, ఇంగ్లీషులో రెండు వాక్యాలు గొణిగి, కిటికీ మూసేసుకుంది. తరన్నుమ్ మళ్ళీ తెరిచి మళ్ళీ కొట్టింది. మళ్ళీ గొణిగింది. ఆ గొణుగుడును ఈసారి ఆమె పూర్తిగా చదివింది. చదివాక కుర్చీలో కొంచెం వెనక్కి జరిగింది.

బ్యాగులోంచి సీడీ తీసి ప్రోగ్రాము లోపలి రాత తెరిచింది. పేజీలు దొర్లించిన కొద్దీ ఆమె ముఖంలో రంగు మారుతుంటే, ఆంజనేయులు డాక్టరు ఎక్స్‌రే చూస్తున్నప్పుడు రోగి బంధువు చూసినట్టు చూశాడు.

"ఆంజనేయులు గారూ, ఒకటి అడుగుతాను, నిజం చెప్పండి. పాస్‌వర్డు మర్చిపోతే ఏం చేస్తారు?"

ఆంజనేయులు ముఖం వెలిగిపోయింది. తనకు తెలిసిన ప్రశ్న వచ్చిన పిల్లాడిలా లేచి, గోడ మీది పెట్రోలు బంకు క్యాలెండరు ఎత్తాడు. వెనక ఒక చీటీ అతికించి ఉంది. "ముందు రాసినబ్బాయి ఇచ్చిపోయాడమ్మా. బంగారంలాంటి కుర్రాడు. నాకు పాస్‌వర్డు గుర్తుండట్లేదంటే, బాబాయ్, ఇది కొట్టు, ఎప్పుడైనా తెరుచుకుంటుంది అన్నాడు. మేం దీన్ని మంత్రం అంటాం."

చీటీ మీద ఒక ఎగిరే కామా, దాని తర్వాత 'లేదా' అని అర్థమిచ్చే ఆర్ అనే ఇంగ్లీషు మాట, దాని తర్వాత ఒకటి ఈక్వల్స్ ఒకటి, చివర రెండు గీతలు.

"మేం అంటే?" అంది తరన్నుమ్ నెమ్మదిగా.

"నేను, ఐసు ఫ్యాక్టరీ గేటు దగ్గర రత్తయ్య, చేపల పాట పాడే దుర్గాప్రసాదు, టీ కొట్టు..." లెక్కపెడుతూ ఎడమ చేతి వేళ్ళు అయిపోయి కుడి చేతికి వెళ్ళాడు. "ఎందుకమ్మా? తప్పా?"

"ఒకటికి ఒకటి సమానం," అంది రాహేలు సాయం చేస్తున్నట్టు. "అది నాకూ తెలుసే."

తరన్నుమ్ తల పట్టుకుంది. తర్వాత, పాఠాలు చెప్పే అలవాటు కొద్దీ, తల వదిలేసి చెప్పడం మొదలుపెట్టింది. "చూడండి. మీరు రత్తయ్య గారికి చీటీ పంపారనుకోండి. ఫలానా పేరుగల మనిషి వస్తే గేటు తియ్యి అని. పేరు రాయాల్సిన చోట ఎవడో, సుబ్బయ్య వస్తే తియ్యి, లేదా సూర్యుడు తూర్పున పొడిస్తే తియ్యి, అని రాశాడనుకోండి. అప్పుడు?"

"రత్తయ్య తూర్పుకేసి చూసి గేటు బార్లా తీస్తాడు," అన్నాడు ఆంజనేయులు తడుముకోకుండా. రత్తయ్యను ఆయనకు ముప్పై ఏళ్ళుగా తెలుసు.

"ఈ ప్రోగ్రామూ అంతే. మనం పెట్టెలో ఏది కొడితే దాన్ని తెచ్చి చీటీలో అతికించి అవతల పేర్లన్నీ దాచుకునే డేటాబేసుకి పంపేస్తోంది. ఎగిరే కామా వచ్చిందంటే పేరు అక్కడితో అయిపోయిందని డేటాబేసు అనుకుంటుంది. ఆ తర్వాత ఉన్నదంతా మన ఆజ్ఞ అనుకుంటుంది. ఈవిడ బోటు పేరులో కామా తర్వాత ఎస్ స్టార్ అని ఉంది. అది ఏ ఆజ్ఞో దానికి అర్థం కాక పడిపోతోంది. మీ చీటీలో ఉన్నది మాత్రం దానికి బాగా అర్థమవుతోంది. ఒకటికి ఒకటి ఎప్పుడూ సమానమే కాబట్టి, పట్టికలో మొదట ఎవరి పేరుంటే వాళ్ళేనని నమ్మి లోపలికి పంపేస్తోంది."

"మొదట ఎవరి పేరుంది?" అని అడిగింది రాహేలు.

తరన్నుమ్ చూసింది. "రామబ్రహ్మం. సంఘం ప్రెసిడెంటు."

నిషేధానికి ముందు రెండు నెలలు రేవులో జరిగిన గొడవలన్నీ ఆంజనేయులుకీ రాహేలుకీ ఒకేసారి గుర్తొచ్చాయి. పొద్దున పన్నెండో నంబరులో ఉన్న బోటు సాయంత్రానికి నలభైలో తేలేది. నలభైలో ఉన్నది మూడులోకి ఎగబాకేది. అడిగితే కంప్యూటరు కాగితం చూపించేవాళ్ళు. కాగితం మీద మార్చినవారు అన్న చోట ప్రతిసారీ రామబ్రహ్మం అనే ఉండేది. ఆయన తన తల్లి మీద, గంగమ్మ మీద, ఒకసారి ఆవేశంలో కంప్యూటరు మీద కూడా ఒట్టు వేశాడు. ఎవరూ నమ్మలేదు.

విషయం విన్న రామబ్రహ్మం అరగంటలో మోటారు సైకిలు మీద వచ్చిపడ్డాడు. పెద్ద మనిషి, పెద్ద మీసం. తరన్నుమ్ చెప్పిందంతా నిలబడే విని, కుర్చీలో కూలబడి, కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు.

"మూడు నెలలమ్మా! మూడు నెలలుగా నన్ను చూసి జనం ఉమ్మేస్తున్నారు. నా పేరుతో ఎవడెవడో... అమ్మా, ఆ కాగితాలన్నీ తియ్యి. టోకెన్ల రోజున మైకు పెట్టిస్తాను. జనం ముందు చదవాలి. నా నిర్దోషిత్వం లోకానికి తెలియాలి."

ఆ సాయంత్రం కోనేరు సెంటర్లో ఎస్టీడీ బూతు నుంచి తరన్నుమ్ గుడివాడకు ఫోను చేసింది. గోవర్ధనరావు అంతా విన్నాడు. ఆయన వినడంలో ఒక పద్ధతి ఉంది. చెడ్డ వార్త వస్తున్నంతసేపూ ఊఁ కొట్టడు. అయిపోయాక, ఇంతేనా అంటాడు.

"ఇంతేనా? దీనికి ఇంత కంగారెందుకమ్మా. ఆ కామా మీటను పనిచేయకుండా చేసేయ్. కొడితే గంట మోగాలి. అయిపోయె."

"ఒక బోటు పేరులోనే ఉంది సార్ కామా."

"పేరు మార్చుకోమను."

"మీరొచ్చి చెప్పండి సార్, ఆవిడకి."

గోవర్ధనరావు దిగొచ్చాడు. రాహేలు గొంతు గుడివాడ దాకా పాకి ఉంటుంది. "సరే, నీ ఇష్టం. కానీ కస్టమరు ముందు తప్పు అన్న మాట మాత్రం అనకు. కొత్త వెర్షన్ అను. జనం వెర్షన్ అంటే సంతోషిస్తారు."

నిజానికి తరన్నుమ్‌కీ ఆ రాత్రి గంట మోగించే ఉపాయం మీద మనసు పోకపోలేదు. పది నిమిషాల పని. కానీ తలుపుకు గొళ్ళెం వేసి పక్కన కిటికీ వదిలేసినట్టుంటుంది. కామా ఒక్కటే దారి కాదు, నంబరు కొట్టే చోటా ఆజ్ఞలు కొట్టొచ్చు. పైగా వాళ్ళ నాన్న అబ్దుల్ గఫార్ కుట్టు మిషన్ల మెకానిక్కు. దారం తెగిపోతోందని మిషను తెస్తే దారం మార్చి పంపే మనిషి కాదు. ఎందుకు తెగుతోందో దొరికేదాకా మిషనును వదలడు, అన్నం తినడు. అమ్మ విసుక్కుంటుంది. ఆ జబ్బు కూతురికీ అంటింది.

మర్నాటి నుంచి రెండు రోజులు ఆమె సంఘం ఆఫీసులోనే కూర్చుంది. ప్రోగ్రాములో మనిషి కొట్టిన మాటను తెచ్చి ఆజ్ఞలో అతికించిన చోట్లు నలభై మూడు. ఒక్కొక్కటే విప్పి, ఆజ్ఞ వేరుగా, మనిషి కొట్టింది వేరుగా పంపేటట్టు మార్చింది. ఇప్పుడు పేరు పెట్టెలో రామకోటి రాసినా డేటాబేసు దాన్ని పేరుగానే చూస్తుంది తప్ప ఆజ్ఞగా చూడదు. మార్చిన ప్రతిచోటా మేరీస్ స్టార్ అని కామాతో కొట్టి చూసింది, మంత్రం కొట్టి చూసింది. మొదటిది తీసుకుంటోంది. రెండోది కొడితే, అలాంటి పేరుగలవారు ఎవరూ లేరని మర్యాదగా చెబుతోంది.

మర్యాద ఆంజనేయులుకి నచ్చలేదు. "అంటే ఇక మంత్రం పనిచేయదా?"

"చేయదండీ. మీ పాస్‌వర్డు మీరు గుర్తుపెట్టుకోవాలి."

"నా పెళ్ళి రోజే గుర్తుండదమ్మా నాకు."

టీ కొట్టు నుంచి కూడా రాయబారం వచ్చింది. కంప్యూటర్లో తన అల్లుడి బోటు ఎన్నోదో రోజూ తనే చూసుకునేవాడినని, ఇప్పుడు ఎవర్ని అడగాలని కొట్టతని గోడు. రామబ్రహ్మం కూడా ఒకసారి వచ్చి, గొంతు తగ్గించి, "అమ్మా, ఊరందరికీ మూసెయ్. అత్యవసరానికి మన మట్టుకు ఒక చిన్న సందు ఉంచితే తప్పులేదేమో?" అన్నాడు.

"బోటు అడుగున మన మట్టుకు ఒక చిన్న సందు ఉంచుకుంటారా అండీ?"

ఆయన మీసం సర్దుకుని వెళ్ళిపోయాడు. ఆ వెళ్ళడంలో ఏదో తొందర ఉందని తరన్నుమ్‌కి అనిపించింది గానీ, అప్పటికి పట్టించుకోలేదు.

పట్టించుకునే అవసరం మూడో రోజు వచ్చింది. మైకులో చదవడానికి జాబితా తీస్తోంది. ప్రోగ్రాము చేసిన మంచి పని ఒక్కటే: ఎవరు, ఎప్పుడు, ఏ కంప్యూటరు నుంచి మార్చారో రాసిపెట్టుకుంది. రామబ్రహ్మం పేరు మీద అరవై ఒక్క మార్పులున్నాయి. అందులో యాభై రెండు కింగ్ అనే కంప్యూటరు నుంచి వచ్చాయి. సంఘానికి ఉన్నవి మూడే కంప్యూటర్లు: ఈ ఆఫీసులో ఒకటి, ప్రెసిడెంటు గదిలో ఒకటి, దివిసీమలో నాగాయలంక బ్రాంచిలో ఒకటి. వాటిలో దేని పేరూ కింగ్ కాదు. అంటే ఎవరో ప్రోగ్రామును కాపీ చేసుకుని, ఇంట్లో పెట్టుకుని, ఫోను లైను మీద ఇక్కడికి వచ్చి పోతున్నారు.

మిగిలిన తొమ్మిది ఎక్కడివో తరన్నుమ్ రెండుసార్లు సరిచూసుకుంది. తర్వాత జాబితాను అచ్చు తీసి, మడిచి, బ్యాగులో పెట్టుకుంది.

ముందు కింగ్ సంగతి. ఈ మూడు కంప్యూటర్లలో కొత్త ప్రోగ్రాము వేస్తే చాలదు. పాత కాపీ ఎక్కడున్నా ఆ కాపీ తలుపు తెరుస్తూనే ఉంటుంది. డేటాబేసు తాళమే మార్చాలి. ప్రోగ్రాము లోపల దాచిన ఆ తాళం మారిందంటే పాత కాపీలన్నీ ఒక్క దెబ్బకు గుడ్డివైపోతాయి. అయితే నాగాయలంక కాపీ కూడా గుడ్డిదవుతుంది. టోకెన్లు మర్నాడే.

తాళం మార్చి, కొత్త సీడీ పట్టుకుని, చల్లపల్లి మీదుగా అవనిగడ్డ, అక్కడ మారి నాగాయలంక. ఎర్ర బస్సులో ఎండకు సీడీ కరిగిపోతుందేమోనని చున్నీ కొంగులో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. నాగాయలంక బ్రాంచి చూసుకునే సౌభాగ్యమ్మ గుమ్మంలోనే మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టింది.

"పాస్‌వర్డు మర్చిపోతే మీరేం చేస్తారండీ?" అని అడిగింది తరన్నుమ్, ఏ క్యాలెండరు ఎత్తుతుందోనని భయపడుతూ.

"నాకా గొడవే లేదమ్మా," అంది సౌభాగ్యమ్మ. గదిలో మూల అల్లిక గుడ్డ కప్పిన బొమ్మలాంటిది చూపించింది. గుడ్డ మీద ఎర్ర గులాబీలు, పైన ప్లాస్టిక్ పూలగుత్తి. గుడ్డ కింద కంప్యూటరు. "ఇచ్చిన రోజున ఎలా ఉందో అలాగే ఉంచాను. దుమ్ము పడనివ్వలేదు. టోకెన్లు పుస్తకంలో రాసుకుని ఆంజనేయులు అన్నయ్యకి ఫోను చేసి చెబుతాను."

అయిదు నెలల్లో ఆ రేవుల మొత్తం మీద ఎవరూ చొరబడలేకపోయిన కంప్యూటరు అదొక్కటే. తరన్నుమ్ గుడ్డ తీసి, కొత్త ప్రోగ్రాము వేసి, నడిపి చూసి, సౌభాగ్యమ్మ చేత రెండు టోకెన్లు కొట్టించింది. ఆవిడ ఒక వేలితో, వడియాలు పెట్టినంత శ్రద్ధగా కొట్టింది. తరన్నుమ్ బస్సు ఎక్కేలోగా గుడ్డ మళ్ళీ కప్పేసి ఉంటుందని ఇద్దరికీ తెలుసు.

టోకెన్ల రోజు పొద్దున ఎనిమిదింటికే సంఘం ముందు షామియానా లేచింది. రెండు వందల మందికి తక్కువ లేరు. వరసలో పదకొండో మనిషి రాహేలు. ఆంజనేయులు మంత్రం లేకుండా, సొంత పాస్‌వర్డుతో లోపలికి వెళ్ళాడు. తరన్నుమ్ పక్కన నిలబడింది. మేరీస్ స్టార్ వంతు వచ్చినప్పుడు జనం ముందుకు వంగారు. కంప్యూటరు గొణగలేదు. టోకెను పదకొండు, కామాతో సహా.

"బతికావు," అంది రాహేలు కంప్యూటరుతో.

తొమ్మిదిన్నరకు దుర్గాప్రసాద్ వచ్చాడు. ముప్పై ఏళ్ళవాడు, చేపల పాటదారు, నాలుగు బోట్ల యజమాని. రేవులో మొట్టమొదట సెల్‌ఫోను కొన్నది, ఇంట్లో కంప్యూటరు పెట్టించుకున్నది అతనే. నీటుగా ఇస్త్రీ చొక్కా, చెమటలో తడిసి ముద్దయిన ముఖం. వరసను తోసుకుంటూ బల్ల దాకా వచ్చాడు.

"ఏంటి బాబాయ్ ఇది? ఏం చేశారు ప్రోగ్రాముని? పొద్దున్నుంచి కొడుతున్నా, కనెక్టే అవ్వట్లేదు! నిన్న మధ్యాహ్నం దాకా బంగారంలా పనిచేసింది!"

ఆంజనేయులు రాహేలు కేసి చూశాడు.

"ఎక్కడ పనిచేసింది బాబూ?" అని అడిగింది రాహేలు. ఎప్పుడూ లేనిది, మెత్తగా అడిగింది.

"మా ఇంట్లో, ఇంకెక్కడ..." అని దుర్గాప్రసాద్ ఆగాడు. చుట్టూ చూశాడు. రెండు వందల మందీ అతన్నే చూస్తున్నారు. చేపను తెరిచాక లోపల ఏముందో చూసినట్టు చూస్తున్నారు.

"మీ కంప్యూటరు పేరేంటండీ?" అంది తరన్నుమ్.

అతని డ్రైవరు, పాపం తెలియనివాడు, వెనకనుంచి గర్వంగా అందించాడు. "కింగండీ. అన్నే పెట్టుకున్నాడు."

తర్వాత ఒక పది నిమిషాలు షామియానా కింద ఎవరు ఎవర్ని ఏమన్నారో విడివిడిగా చెప్పడం కష్టం. పన్నెండు నుంచి నలభైకి జారినవాళ్ళందరూ ఒకేసారి మాట్లాడారు. ఎవరో దుర్గాప్రసాద్ చొక్కా పట్టుకున్నారు. ఇస్త్రీ పోయింది. అతను మొదట తన కంప్యూటరు ఎవరో వాడారన్నాడు, తర్వాత అందరికీ తెలిసిన మంత్రమే కదా అన్నాడు. చివరికి, "తలుపు తీసి ఉంది, వెళ్ళాను. తీసి పెట్టినోడిది తప్పు కాదా?" అన్నాడు. సిగ్గులేని మాటే. కానీ తరన్నుమ్‌కి అది సూటిగా వచ్చి తగిలింది.

మైకు ఈలవేసింది. రామబ్రహ్మం స్టేజీ ఎక్కాడు. ఈ రోజు కోసం ఆయన మూడు నెలలుగా ఎదురుచూస్తున్నాడు. "చూశారా! విన్నారా! నా పేరు వాడుకుని ఎవడు దొంగతనం చేశాడో చూశారా! నేను కడిగిన ముత్యాన్ని! అమ్మాయ్, రా, జాబితా చదువు. తేదీలతో సహా చదువు!"

తరన్నుమ్ స్టేజీ ఎక్కింది. క్లాసులో ముప్పై మందికి చెప్పడం వేరు, ఇది వేరు. మైకుకు చెయ్యి అడ్డం పెట్టి, ఆయనకు మాత్రమే వినపడేటట్టు అడిగింది. "అన్నీ చదవమంటారా అండీ?"

"అన్నీ!"

"కింగ్ నుంచి వచ్చినవి చదివితే చాలేమో. మీ నిర్దోషిత్వానికి అవి సరిపోతాయి."

"ఏంటమ్మా మెత్తమెత్తగా? దాచడానికి నాదగ్గరేం లేదు. అన్నీ చదువు!" ఈ మాట ఆయన మైకులోనే అన్నాడు.

ఆమె ముందు ఇంకో మాట చెప్పింది. గోవర్ధనరావు వద్దన్న మాట. "ముందు మా తప్పు చెప్తానండీ. ఈ ప్రోగ్రాము మా ఇన్‌స్టిట్యూటు అమ్మింది. ఇందులో తలుపు తీసి పెట్టింది మేమే. మూసేశాం. మొదటే మూసి ఇవ్వాల్సింది." గ్లాసు మంచినీళ్ళు ఒక్క గుక్కలో తాగి జాబితా తీసింది. కింగ్ నుంచి జరిగిన యాభై రెండు మార్పులూ చదివింది. ఒక్కొక్క తేదీకీ జనంలో ఒక్కొక్క మూల నుంచి బూతులు లేచాయి. రామబ్రహ్మం పక్కన చేతులు కట్టుకుని, ఉత్సవ విగ్రహంలా నిలబడ్డాడు.

"ఇక తొమ్మిది మిగిలాయి," అంది. "ఇవి కింగ్ నుంచి రాలేదు. మంత్రంతోనూ జరగలేదు. ప్రెసిడెంటు గారి గదిలో కంప్యూటరు నుంచి, ప్రెసిడెంటు గారి సొంత పాస్‌వర్డుతో జరిగాయి. ఫిబ్రవరి పన్నెండు, బోటు శ్రీలక్ష్మీ గణపతి, ముప్పై ఎనిమిది నుంచి నాలుగు. ఫిబ్రవరి ఇరవై, శ్రీలక్ష్మీ గణపతి, ఇరవై రెండు నుంచి రెండు..."

శ్రీలక్ష్మీ గణపతి రామబ్రహ్మం బావమరిదిదని రేవులో కుక్కలకు కూడా తెలుసు. నాలుగోది చదివేసరికి రామబ్రహ్మం చేతులు కిందికి దిగాయి. ఆరోదానికి ఆయన మైకు తీగ ఎక్కడ ఊడుతుందా అని చూశాడు. తొమ్మిదోది అయ్యాక మైకు తనే తీసుకుని, గొంతు సవరించుకుని, "అవి... అత్యవసరాలు," అన్నాడు.

"తొమ్మిదిసార్లు అత్యవసరమాండీ?" అంది రాహేలు కింది నుంచి. "మీ బావమరిదిని మంచి డాక్టరుకి చూపించండి."

ముందు ఎవరో ఒకరు నవ్వారు. తర్వాత షామియానా మొత్తం నవ్వింది. చొక్కా చిరిగిన దుర్గాప్రసాద్ కూడా నవ్వాడు. అందువల్ల అతని మీద కోపం కొంత తగ్గడం కూడా జరిగింది. నవ్వు లేకపోతే ఆ రోజు కొట్లాటే అయ్యేది.

ఆ మధ్యాహ్నమే కమిటీ కూర్చుని తేల్చింది. దుర్గాప్రసాద్ నాలుగు బోట్లూ, శ్రీలక్ష్మీ గణపతీ ఈ విడత వరస చివరికి వెళ్ళాయి. ప్రెసిడెంటు గదిలో కంప్యూటరు తీసి ఐసు ఫ్యాక్టరీకి పంపారు. ప్రెసిడెంటును మాత్రం తీయలేదు, ఎన్నికలు ఇంకో ఏడాదికి గానీ లేవు. ఆయన మర్నాటి నుంచి ఆఫీసుకి వెనక గుమ్మం నుంచి రావడం మొదలుపెట్టాడు.

తరన్నుమ్ సామాను సర్దుకుంటుంటే రాహేలు వచ్చి, కాగితంలో చుట్టిన ఎండు రొయ్యలు ఆమె బ్యాగులోకి తోసింది. "భయపడుతూనే చదివావు, చూశాను," అంది. "భయం లేనోళ్ళు చదివితే ఏం గొప్ప? పదా, ఆటో ఎక్కిస్తాను."

నిషేధం ఎత్తేసిన రోజు పొద్దున తరన్నుమ్ గుడివాడలో గోవర్ధనరావు ఎదురుగా నిలబడి ఉంది. ఆయనకు మైకు సంగతి ముందే చేరింది.

"తప్పు అన్నావట."

"అన్నాను సార్."

"రెండు వందల మంది ముందు."

"మైకులో సార్."

గోవర్ధనరావు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. చెప్పదలుచుకున్నది పెద్దదే అయుండాలి, కానీ ఆమె ఆయనకు మొదలుపెట్టే సందు ఇవ్వలేదు.

"సార్, ఇదే ప్రోగ్రాము పేరు మార్చి ఇంకా ఎవరెవరికి అమ్మాం?"

"ఎవరికీ..." అని, ఆమె ముఖం చూసి ఆగాడు. "ఒకరిద్దరికి. వాళ్ళెవరూ ఏం అనలేదే. తెలియనివాళ్ళను కదిలించడం దేనికి?"

"దుర్గాప్రసాద్‌కి ఎవరైనా చెప్పారా సార్ ఇంట్లో కాపీ పెట్టుకోమని? తనే తెలుసుకున్నాడు."

ఆయన ఫ్యాను కేసి చూశాడు, గోడ మీద తన ఫోటో కేసి చూశాడు. సొరుగు లాగి, మూల మడిచిన ఒక ఫైలు తీశాడు. తరన్నుమ్ పుస్తకం తెరిచి పెన్ను పట్టుకుంది. ఒకరిద్దరు ఏడుగురయ్యారు: గుడ్లవల్లేరులో ఒక రైసు మిల్లు, పామర్రులో ఎరువుల కొట్టు, అవనిగడ్డలో ఒక నర్సింగ్ హోము, ఇంకో మూడు చిన్న కొట్లు, చివరికి గుడివాడలోనే ఆయన సొంత తోడల్లుడి ఫైనాన్సు. ఆ పేరు దగ్గర గోవర్ధనరావు బాగా నసిగాడు గానీ, చెప్పాడు.

"ఏమని చెప్తావు వాళ్ళకి?" అని అడిగాడు చివరికి. "కొత్త వెర్షన్ అని చెప్పొచ్చుగా?"

"వెర్షన్ కొత్తదే సార్. అది కూడా చెప్తాను."

పుస్తకం మూసి, ఏడు సీడీలు లెక్కపెట్టి బ్యాగులో వేసుకుని, ఆమె బస్టాండుకు నడిచింది. గుడ్లవల్లేరు బస్సు కిక్కిరిసి ఉంది. కాలేజీ పిల్లలు ఫుట్‌బోర్డు దాకా వేలాడుతున్నారు. కండక్టరు వెనక బస్సుకి రమ్మన్నాడు. వెనక బస్సు ఎప్పుడో ఆయనకూ తెలియదు. తరన్నుమ్ బ్యాగును ముందుకు తిప్పుకుని, రెండు మోచేతుల మధ్య దారి చేసుకుని ఎక్కేసింది. సీటు దొరకలేదు. నిలబడే వెళ్ళింది.